మీ ధర మీరే కట్టండి

అధ్యాయం 9

"మామయ్యా, ఈ కారు తయారు చేయడానికి వాళ్లకెంత అయి ఉంటుంది?"

షోరూమ్‌లో కూర్చుని మా మేనల్లుడు నా చెవిలో అడిగిన ప్రశ్న ఇది. వాడు ఖమ్మంలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఎలక్ట్రిక్ కారు కొందామని పదిహేను రోజులుగా వీడియోలు చూస్తున్నాడు. బ్యాటరీ, రేంజ్, ఎయిర్‌బ్యాగులు అన్నీ వాడికి కంఠతా వచ్చు. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ ఒక్క ప్రశ్నే మిగిలింది. నా దగ్గర జవాబు లేదు. సేల్స్ కుర్రాడు కాగితం మీద ఆన్‌రోడ్ ధర రాశాడు. దాని కింద గీత గీసి ఈఎంఐ రాశాడు. మావాడు ఈఎంఐ చూశాడు, జీతం తలుచుకున్నాడు, సంతకం పెట్టాడు.

మూడు నెలలు తిరక్కుండానే ఆ కంపెనీ అదే కారు ధర తగ్గించింది. ఆ రాత్రి ఫోన్ చేసి "మోసపోయాను మామయ్యా" అన్నాడు. వాడి గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వాణ్ని ఎవరూ మోసం చేయలేదు. వాడు చూసిన అంకె ఎలా పుట్టిందో వాడికీ తెలియదు, పక్కనే కూర్చున్న నాకూ తెలియదు. తెలిసి ఉంటే ఆ ధరకు కొనకపోయేవాడేమో, లేదా అదే ధరకు కొని హాయిగా నిద్రపోయేవాడేమో. ఏదైనా నిర్ణయం వాడిదై ఉండేది.

ఈ అధ్యాయం ఆ రాత్రి నుంచి పుట్టింది. ఇల్లు తర్వాత మధ్యతరగతి కుటుంబం పెట్టే పెద్ద ఖర్చు కారే. అందుకే ముందు కంపెనీ ధర ఎలా కడుతుందో చూద్దాం. తర్వాత మన ధర మనం ఎలా కట్టుకోవాలో నేర్చుకుందాం.

ధర పైనుంచి కిందికి దిగుతుంది

ఇడ్లీ బండి పెట్టుకున్నాయన ధర ఎలా కడతాడు? పిండి, గ్యాసు, కూలీ కలిపి, పైన కాస్త లాభం వేసుకుంటాడు. కారుకూ అలాగే కడతారని మనం అనుకుంటాం. కార్ల కంపెనీలో లెక్క చాలావరకు తలకిందులుగా నడుస్తుంది. "ఈ కారును ఎవరు కొంటారు? వాళ్లు దీన్ని దేనితో పోల్చి చూస్తారు? ఎంతవరకు పెట్టగలరు?" అని ముందు అడుగుతారు. అలా అమ్ముడుపోయే ధర తేలుతుంది. అందులోంచి పన్ను, డీలర్ కమీషన్, తమ లాభం తీసేస్తారు. మిగిలిన డబ్బులో కారు తయారు కావాలి. అంతలో రాకపోతే బ్యాటరీ తగ్గిస్తారు, ఉన్న పెట్రోలు కారు బాడీలోనే మోటారు పెడతారు, ఫీచర్లు పై వేరియంట్‌కు నెడతారు.

దీనికి మన దేశంలో మంచి ఉదాహరణ టాటా నెక్సాన్ ఈవీ. 2019 జులైలో హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ రూ.25.30 లక్షలకు వచ్చింది. 2020 జనవరిలో ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ రూ.20.88 లక్షలతో మొదలైంది. రెండూ మంచి కార్లే. కానీ మధ్యతరగతి ఇంటి యజమాని వాటిని షోరూమ్ అద్దంలోంచి చూసి వెళ్లిపోయే ధరలవి. అదే జనవరి 28న టాటా నెక్సాన్ ఈవీని రూ.13.99 లక్షలకు విడుదల చేసింది. ఆ అంకె ఎక్కడ నిలబడిందో చూడండి. అదే నెలలో వచ్చిన కొత్త నెక్సాన్‌లో అన్నిటికంటే ఖరీదైన డీజిల్ ఆటోమేటిక్ దాదాపు రూ.12.70 లక్షలు. దానికి లక్షకు పైగా కలిపితే ఎలక్ట్రిక్ కారు ధర వస్తుంది. "ఎలాగూ 13 లక్షలకు దగ్గరైన వాణ్ని, ఇంకో లక్ష పెడితే ఎలక్ట్రిక్ వస్తుంది" అనే మనిషి కోసం కట్టిన ధర అది.

ఆ ధరలో ఇమడాలంటే 30.2 యూనిట్ల బ్యాటరీతో సరిపెట్టుకోవాలి. బ్యాటరీ సైజును కిలోవాట్ అవర్లలో చెబుతారు. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే అదే. అందుకే ఈ అధ్యాయమంతా యూనిట్ అనే అంటాను. ఆ కారు కాగితం మీది రేంజ్ 312 కిలోమీటర్లు, రోడ్డు మీద వచ్చింది దాదాపు 200. అంటే ధర ముందు పుట్టింది. రేంజ్ ఆ ధర వెనకాలే వచ్చింది.

మొదటి పాఠం ఇదే. కంపెనీ మీ జేబును ముందు ఊహించుకుని, ఆ తర్వాత కారు కడుతుంది. మీరు దేనితో పోలుస్తారో అదే ధరకు పునాది. అందుకే ఏ కారుతో పోల్చాలన్నది షోరూమ్‌లో అడుగు పెట్టకముందే మీరు తేల్చుకోవాలి. ఆ పోలికను సేల్స్ కుర్రాడికి వదిలేస్తే, ధర కట్టే పని కూడా వాడికే వదిలేసినట్టు.

బ్యాటరీ: ధరలో పెద్ద వాటా

ఎలక్ట్రిక్ కారులో అన్నిటికంటే ఖరీదైన ఒకే ఒక్క భాగం బ్యాటరీ. ప్రపంచ సగటు బ్యాటరీ ధరలను ఏటా లెక్కకట్టే బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ సంస్థ ప్రకారం 2010లో ఒక్కో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్ల పైనే పడేది. 2023లో 139 డాలర్లకు, 2024లో 115 డాలర్లకు దిగింది. ఆ సగటుతో 30 యూనిట్ల బ్యాటరీ అంటే 3,450 డాలర్లు, రూపాయల్లో 3 లక్షలకు కాస్త తక్కువ. 2010లో అదే బ్యాటరీకి దాని ఎనిమిది రెట్ల పైనే అయ్యేది.

ఈ తగ్గుదల ఒకే తీరులో సాగలేదు. 2022 చివర్లో లిథియం ధర చైనాలో టన్నుకు 6 లక్షల యువాన్ల దగ్గరికి ఎగబాకింది. 2024 మొదటికి లక్ష లోపుకు పడిపోయింది. మన షోరూమ్‌లో దాని నీడ వెంటనే కనిపించింది. 2024 ఫిబ్రవరిలో టాటా, బ్యాటరీ సెల్స్ ధర తగ్గిందని చెప్పి, నెక్సాన్ ఈవీ మీద రూ.1.20 లక్షల దాకా, టియాగో ఈవీ మీద రూ.70 వేల దాకా తగ్గించింది. టియాగో ఈవీ రూ.7.99 లక్షలకు వచ్చింది. అంతకు కొద్దిగా ముందే ఎంజీ తన కామెట్‌ను రూ.7.98 లక్షల నుంచి రూ.6.99 లక్షలకు దించింది.

మన దేశంలో అమ్మే ఎలక్ట్రిక్ కార్లలో సెల్స్ ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. అందుకే చైనా మార్కెట్, డాలర్ విలువ, దిగుమతి సుంకం మూడూ కలిసి మన కారు ధరలో కూర్చుంటాయి. సెల్స్ ఇక్కడే తయారు చేసే ప్రయత్నాలు మొదలయ్యాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ రూ.9,500 కోట్ల ప్రణాళికతో గిగా ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది. మన పిల్లలు కొనే కార్ల ధరను ఇలాంటి చోట్ల జరిగే పని నిర్ణయిస్తుంది.

కొనేవాడికి ఇందులోంచి వచ్చే పాఠం సూటిగా ఉంటుంది. మీరు వాడని బ్యాటరీకి కూడా డబ్బు కడుతున్నారు. కామెట్‌లో 17.3 యూనిట్లు, మొదట వచ్చిన ఎంజీ విండ్‌సర్‌లో 38, మహీంద్రా బీఈ 6లో 59 లేదా 79. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే మనిషి ఏడాదికి రెండుసార్లు తిరుపతి వెళ్లడం కోసం పెద్ద బ్యాటరీ కొంటే, ఆ రెండు ప్రయాణాలకు ఏటా వేల రూపాయలు పడుతున్నట్టే. దారిలో అరగంట ఆగి ఛార్జింగ్ పెట్టుకుంటే ఆ డబ్బు మిగులుతుంది. రోజూ ఊరు దాటి వెళ్లే ఉద్యోగమైతే మాత్రం చిన్న బ్యాటరీతో పొదుపు చేయకండి.

ధరలో ప్రభుత్వం చేయి

2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పట్లో పెట్రోలు, డీజిల్ కార్ల మీద సెస్సుతో కలిపి 29 నుంచి 50 శాతం దాకా ఉండేది. ఎలక్ట్రిక్ కారు అసలు ఖర్చు ఎక్కువైనా, పన్నులో తేడా ఆ బరువును కొంత మోసేది.

2025 సెప్టెంబర్ 22న ఈ తూకం మారింది. చిన్న పెట్రోలు, డీజిల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి, పెద్దవాటి మీద 40 శాతానికి వచ్చింది. ఎలక్ట్రిక్ కార్ల మీద 5 శాతమే కొనసాగింది. పైకి చూస్తే ఎలక్ట్రిక్ కారుకు ఏమీ కాలేదు. కానీ పక్కనున్న పెట్రోలు, డీజిల్ నెక్సాన్ ధర రూ.1.55 లక్షల దాకా తగ్గింది. పోలిక కారు చవకైతే, ఎలక్ట్రిక్ కారు రూపాయి పెరగకుండానే ఖరీదైనట్టు అవుతుంది. కాబట్టి పాత వీడియోల్లోని పోలికలు నమ్మకండి. కొనే వారంలో ఉన్న ధరలతో లెక్క మళ్లీ వేయండి.

తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. పెట్రోలు కారుకు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ 13 శాతంతో మొదలై ధరతో పాటు పెరుగుతుంది. తక్కువలో తక్కువ 13 శాతమే వేసుకున్నా, 14 లక్షల కారు మీద రూ.1.82 లక్షలు మిగులుతాయి. ఎక్స్‌షోరూమ్ ధరలు పోల్చేవాళ్లకు ఈ మిగులు కనపడదు. అందుకే ఎప్పుడూ ఆన్‌రోడ్ ధరలే పోల్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవాళ్లు ఆ రోజు అమల్లో ఉన్న పన్ను ఎంతో కొటేషన్‌లో విడిగా రాయించుకోవాలి.

ఇక మన కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది. కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి కార్బన్ డయాక్సైడ్ సగటు తీస్తారు. 2022 ఏప్రిల్ తర్వాత అది కిలోమీటరుకు దాదాపు 113 గ్రాములకు లోబడాలి. ఈ సగటు తీసేటప్పుడు ఒక ఎలక్ట్రిక్ కారును మూడుగా లెక్కిస్తారు. పెద్ద డీజిల్ ఎస్‌యూవీలు ఎక్కువగా అమ్మే కంపెనీకి ఒక్కో ఎలక్ట్రిక్ కారు ఎంత ఊపిరినిస్తుందో ఆలోచించండి. దాని మీద లాభం తక్కువైనా అమ్మడానికి కారణం ఉంటుంది. దీనికి తోడు 2021లో ఆమోదించిన రూ.25,938 కోట్ల ఉత్పత్తి ప్రోత్సాహక పథకం ఉంది. విడి భాగాల్లో సగం విలువైనా దేశంలోనే సమకూర్చుకున్న కంపెనీలకు అమ్మకాల మీద ప్రోత్సాహకం అందుతుంది. ఈ రెండూ బిల్లులో కనపడవు. కానీ ధర తగ్గించే శక్తి ఏ కంపెనీకి ఎక్కువ ఉందో ఇవి చెబుతాయి.

కాగితం మీద అంకెల అమరిక

ఇప్పుడు ధరను చూపించే తీరు చూద్దాం. ఇందులో నాలుగు పద్ధతులు గుర్తు పెట్టుకుంటే చాలు.

మొదటిది పరిచయ ధర. 2022 సెప్టెంబర్‌లో టియాగో ఈవీ రూ.8.49 లక్షలకు వచ్చింది. ఆ ధర మొదటి 10,000 మందికే అన్నారు. గిరాకీ చూసి 20,000 మందికి పెంచారు. తర్వాత రూ.20 వేలు పెంచారు. ఏడాది తిరిగాక, మొదటి ధర కంటే రూ.50 వేలు తక్కువకే అదే కారు దొరికింది. తొందరపడ్డవాళ్లు తప్పు చేశారని నేను అనను. కారు అవసరమైనవాళ్లు ఆ ఏడాదంతా దాన్ని వాడుకున్నారు. "మొదటి పదివేల మంది" అన్న మాట మాత్రం కొనడానికి కారణం కాకూడదు.

రెండోది మెట్ల వరస. అన్నిటికంటే కింది వేరియంట్ ధర ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. షోరూమ్‌కు వెళ్తే, మీకు కావాల్సిన ఒక్క వస్తువు రెండు మెట్ల పైన ఉంటుంది. ఒక్కో మెట్టు "ఇంకో 80 వేలేగా" అనిపిస్తుంది. మూడు మెట్లు ఎక్కాక దాదాపు రెండున్నర లక్షలు అవుతుంది. ఇంట్లోనే కూర్చుని "ఇవి లేకపోతే నడవదు" అనే వస్తువులు మూడు రాసుకోండి. ఆ మూడూ ఉన్న మొదటి మెట్టు దగ్గర ఆగిపోండి.

మూడోది విడదీసిన ధర. 2024 నవంబర్‌లో మహీంద్రా బీఈ 6 (అప్పటి పేరు బీఈ 6ఈ) రూ.18.90 లక్షలకు వచ్చింది. ఇంటి ఛార్జర్ అందులో కలపలేదు. 7.2 కిలోవాట్ల ఛార్జర్‌కు రూ.50 వేలు, 11.2 కిలోవాట్లదానికి రూ.75 వేలు అదనం. ఇది దాపరికం కాదు, ప్రకటించిన విషయమే. అయినా మన మనసు పెద్ద అంకెను పట్టుకుని చిన్న అంకెను వదిలేస్తుంది. ఛార్జర్, దాన్ని బిగించే ఖర్చు, మీటరు లోడ్ పెంచుకునే ఖర్చు, బీమా అన్నీ కలిశాకే దాన్ని ధర అనాలి. కారు ధర రూ.10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (ఆదాయపు పన్ను కింద ముందే వసూలు చేసేది) కూడా కట్టించుకుంటారు. అది రిటర్న్ వేసేటప్పుడు మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. మరిచిపోతే పోయినట్టే.

నాలుగోది బ్యాటరీ అద్దె. 2024 సెప్టెంబర్‌లో ఎంజీ విండ్‌సర్ రూ.9.99 లక్షలకు వచ్చి అందరినీ ఆశ్చర్యపరిచింది. బ్యాటరీకి మాత్రం అప్పట్లో కిలోమీటరుకు రూ.3.50 అద్దె కట్టాల్సి ఉండేది. బ్యాటరీతో కలిపి కొంటే ఆనాటి ధర రూ.13.50 లక్షలు. తేడా రూ.3.51 లక్షలు. దాన్ని మూడున్నరతో భాగిస్తే లక్ష కిలోమీటర్లు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ లక్ష పూర్తవడానికి ఎనిమిదేళ్లకు పైగా పడుతుంది. ఇప్పుడు ఆ 3.51 లక్షలను తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పుగా తీసుకున్నారనుకోండి. ఈఎంఐ దాదాపు రూ.5,740. నెలకు 1,640 కిలోమీటర్ల లోపు తిరిగేవాడికి ఈ ఏడేళ్లూ అద్దె చవక, అంతకంటే ఎక్కువ తిరిగేవాడికి అప్పు చవక. ఏడేళ్ల తర్వాత అప్పు తీరి బ్యాటరీ మీదవుతుంది, అద్దె మాత్రం సాగుతూనే ఉంటుంది. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందేమో ఒప్పందంలో చదవండి. ఆ ఒక్క వాక్యం ఈ లెక్కను పూర్తిగా మార్చేయగలదు.

పక్క షోరూమ్ ఏం చేస్తోంది?

ధర ఒకసారి కట్టి వదిలేసేది కాదు. పోటీదారు కదిలినప్పుడల్లా కదులుతుంది. 2023 జనవరి 16న మహీంద్రా ఎక్స్‌యూవీ400ను రూ.15.99 లక్షలకు ప్రకటించింది. అదే వారంలో టాటా నెక్సాన్ ఈవీ ప్రారంభ ధరను రూ.14.99 లక్షల నుంచి రూ.14.49 లక్షలకు దించింది. 2024 సెప్టెంబర్‌లో విండ్‌సర్ వచ్చిన నెలలోనే పండుగ ధరల పేరుతో నెక్సాన్ ఈవీ రూ.12.49 లక్షలకు, పంచ్ ఈవీ రూ.9.99 లక్షలకు వచ్చాయి. ఆ రెండు సందర్భాల్లోనూ బ్యాటరీ వారం రోజుల్లో చవకైపోలేదు. పక్క షోరూమ్‌లో కొత్త కారు వచ్చింది, అంతే.

కాబట్టి మీరు కొనాలనుకున్న కారుకు పోటీగా వచ్చే రెండు నెలల్లో ఏదైనా కొత్త కారు విడుదల కానుందా అని చూడండి. ఉంటే, తొందరలేనివాళ్లు ఆగవచ్చు. పెట్రోలు ఖర్చుతో సతమతమవుతున్నవాళ్లు ఆగితే, ఆగిన ప్రతి నెలా కొన్ని వేలు పోతాయన్నదీ లెక్కలోకి తీసుకోండి.

ధర తగ్గినప్పుడు ఇంకో దెబ్బ కూడా ఉంది. కొత్త కారు చవకైతే, నిన్న కొన్న కారును తిరిగి అమ్మితే వచ్చే ధరా పడిపోతుంది. 2023 జనవరిలో టెస్లా చైనాలో ధరలు తగ్గించినప్పుడు, అంతకుముందే కొన్నవాళ్లు షోరూమ్‌ల ముందు నిరసనకు దిగారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మన సామెత ఎలక్ట్రిక్ కారుకు బాగా సరిపోతుంది. బ్యాటరీ ఎన్నాళ్లుంటుందోనన్న భయం కూడా దీనికి తోడవుతుంది. ఆ భయం తగ్గించడానికే కంపెనీలు 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తూ వచ్చాయి. ఇప్పుడు కొన్ని కార్లకు మొదటి యజమానికి జీవితకాల వారంటీ ఇస్తున్నాయి. విండ్‌సర్ విడుదలప్పుడు మూడేళ్ల తర్వాత 60 శాతం ధరకు తిరిగి కొనే హామీ కూడా ఇచ్చారు. ఇవన్నీ ధరలో భాగాలే. ఇద్దరు ఒకే ధర చెప్పినప్పుడు, ఎవరి హామీ గట్టిదో వాళ్ల కారే చవక. "మొదటి యజమాని" అన్న మాట దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. రెండో యజమానికి ఏం దక్కుతుందో మీరు అమ్మే రోజున ధరను అదే తేలుస్తుంది.

మీ ధర కట్టే పద్ధతి

ఇక మన పని. ఒక తెల్లకాగితం, పెన్ను, పది నిమిషాలు చాలు.

మొదటి అడుగు: ఎలక్ట్రిక్ కారు లేకపోతే మీరు నిజంగా ఏ కారు కొనేవారో రాయండి. కలల కారు రాయకండి. ఎలక్ట్రిక్ కారులో గేర్లు మార్చే పని ఉండదు కాబట్టి పెట్రోలు ఆటోమేటిక్‌తోనే పోల్చండి. దాని ఆన్‌రోడ్ ధర వేయండి. ఉదాహరణకు రూ.13 లక్షలు అనుకుందాం.

రెండో అడుగు: కిలోమీటరుకు ఎంత మిగులుతుందో చూడండి. లీటరు పెట్రోలు రూ.107, మైలేజీ 15 అనుకుంటే కిలోమీటరుకు రూ.7.10. ఇంట్లో కరెంటు యూనిట్ రూ.8, యూనిట్‌కు 7 కిలోమీటర్లు, ఛార్జింగ్‌లో పోయే వృథా కలుపుకుంటే కిలోమీటరుకు రూ.1.30. మిగులు రూ.5.80. ఇంటి దగ్గర ఛార్జింగ్ లేక బయట యూనిట్‌కు రూ.20 పెట్టేవాళ్లకు కిలోమీటరుకు దాదాపు రూ.3 అవుతుంది. వాళ్ల మిగులు రూ.4కు పడిపోతుంది. మీ మైలేజీ, మీ కరెంటు బిల్లు చూసి మీ అంకెలు వేసుకోండి.

మూడో అడుగు: ఐదేళ్ల మిగులు తేల్చండి. కిలోమీటరుకు రూ.5.80 లెక్కన నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఐదేళ్లలో రూ.1.74 లక్షలు, 1,000 తిరిగేవాళ్లకు రూ.3.48 లక్షలు, 1,500 తిరిగేవాళ్లకు రూ.5.22 లక్షలు, 2,000 తిరిగేవాళ్లకు రూ.6.96 లక్షలు. సర్వీసు ఖర్చు ఎలక్ట్రిక్ కారుకు తక్కువ, బీమా కాస్త ఎక్కువ. ఆ రెండిటినీ ఒకదానికొకటి చెల్లు వేసి నేను పక్కన పెడతాను.

నాలుగో అడుగు: భయాలకు కూడా ధర కట్టండి. ఛార్జర్, బిగింపు కలిపి రూ.50 వేలు తీసేయండి. అమ్మేటప్పుడు పెట్రోలు కారు కంటే తక్కువ వస్తుందన్న జాగ్రత్తకు నేనైతే రూ.లక్ష తీసేస్తాను. అదనపు డబ్బు అప్పుగా తెస్తుంటే దాని వడ్డీ కూడా తీసేయండి.

ఐదో అడుగు: కూడికలు, తీసివేతలు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే మనిషికి 13 లక్షలు, దానికి 3.48 కలిపి, ఒకటిన్నర తీసేస్తే రూ.14.98 లక్షలు. ఇదే మీ ధర. ఎలక్ట్రిక్ కారు ఆన్‌రోడ్ ధర రూ.14.50 లక్షలైతే కొనడం లాభం. రూ.16.50 లక్షలైతే ఆ పైన పెట్టే లక్షన్నర నిశ్శబ్దానికి, కొత్తదనానికి, పొగ వదలని బండి నడిపే తృప్తికి పెడుతున్నారు. ఆ తృప్తికి డబ్బు పెట్టడం తప్పేమీ కాదు. తెలిసి పెట్టండి. నెలకు 500 కిలోమీటర్లే తిరిగే మనిషి ధర రూ.13.24 లక్షలకు దిగిపోతుంది. ఒకే కారు, ఒకే షోరూమ్, ఇద్దరికి రెండు ధరలు.

షోరూమ్‌లో అడగాల్సినవి

అడగందే అమ్మైనా పెట్టదు. ఈ ఏడు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. జవాబులు కూడా కాగితం మీదే తీసుకోండి.

1. ఈ ధర ఏ తేదీ దాకా? బుకింగ్ రోజు ధరా, డెలివరీ రోజు ధరా?
2. డెలివరీకి ముందు కంపెనీ ధర తగ్గిస్తే నాకూ వర్తిస్తుందా?
3. ఛార్జర్, బిగింపు ధరలో ఉన్నాయా?
4. ఈ బండి ఏ నెలలో తయారైంది?
5. బ్యాటరీ వారంటీ రెండో యజమానికి ఎలా మారుతుంది?
6. మీరు చెప్పిన బీమా తప్పనిసరా? బయట తీసుకుంటే ధర ఎంత తగ్గుతుంది?
7. అద్దె పథకమైతే, నెలకు కనీస కిలోమీటర్లు ఎన్ని? మధ్యలో మానుకుంటే ఏమవుతుంది?

సేల్స్ కుర్రాడు మీ శత్రువు కాడు. వాడికీ నెలాఖరు టార్గెట్ ఉంటుంది. మర్యాదగా అడిగే మనిషికి, లెక్క వేసుకొచ్చిన మనిషికి వాడు కూడా సూటిగానే జవాబు చెబుతాడు. ఈఎంఐ దగ్గర మాట మొదలుపెడితే మాత్రం ఆపండి. "ముందు మొత్తం ధర తేలనివ్వండి, ఈఎంఐ తర్వాత" అనండి. ఆ ఒక్క మాటతో కుర్చీల వరస మారిపోతుంది.

ఈ వారం చేయాల్సిన పని

ఈ ఏడు రోజులు మీ బండి రీడింగ్ రోజూ రాత్రి రాసుకోండి. వారం మొత్తాన్ని నాలుగుతో హెచ్చిస్తే మీ నెల కిలోమీటర్లు సుమారుగా తేలుతాయి. ఊహించుకున్న అంకెకూ దీనికీ తేడా ఉంటే, ఆ తేడానే ఈ వారం మీరు సంపాదించిన జ్ఞానం. ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని ఐదు అడుగులూ నింపండి. చివర వచ్చిన అంకెను పెద్దగా రాసి జేబులో పెట్టుకోండి. షోరూమ్‌కు ఆ కాగితం లేకుండా వెళ్లకండి.

మా మేనల్లుడు ఆ పని ఆలస్యంగా చేశాడు. కారు కొన్న ఏడాదికి నాతో కూర్చుని తన లెక్క వేశాడు. ఇంటి నుంచి కాలేజీకి, అక్కణ్నుంచి అత్తగారింటికి కలిపి నెలకు 1,600 కిలోమీటర్లు తిరుగుతున్నాడు. వాడి ధర, వాడు కట్టిన ధర కంటే ఎక్కువే తేలింది. ధర తగ్గక ముందు కొన్నా వాడు నష్టపోలేదు. ఇన్నాళ్లూ మోసిన బాధకు అసలు కారణమే లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ "ఇది ముందే చేసి ఉంటే బాగుండేది మామయ్యా" అన్నాడు.

కంపెనీ తన ధర తాను కట్టుకుంటుంది, అది దాని హక్కు. మీ ధర కట్టుకునే హక్కు మీకుంది. సంతకం పెట్టే ముందే దాన్ని వాడుకోండి.